మరక పోలేదండీ

సాయంత్రం ఇస్త్రీపెట్టెలు చల్లారే వేళకి లాండ్రీ కొట్టులో చెక్క టీవీ తలుపులు తెరుచుకునేవి. పక్క కొట్లవాళ్లు వచ్చి బట్టల మూటల మీదే చతికిలబడేవాళ్లు. ఆ టీవీలో ఇప్పటి కార్యక్రమాలు రావు. ఆ కొట్టు నడిపే అత్త రెండు జడలు వేసుకునేనాటివి వస్తాయి. అవీ రికార్డు చేసినవి కావు, లైవు. ఇక్కడ ఎవరైనా తుమ్మితే అక్కడ వార్తలు చదివే ఆయన ఆగి, "చిరంజీవ" అని మళ్లీ అందుకుంటాడు. చెప్పులు కుట్టే తాత వాన కబురు సరిగ్గా వినబడలేదంటే విసుక్కోకుండా ఇంకోసారి చదువుతాడు. పాతకాలం టీవీ, మర్యాద తెలిసింది అనుకునేవాళ్లు అంతా.

అత్త మాత్రం అటు తొంగిచూసేది కాదు. వెనక గదిలో తెర చాటున మరకలు తీస్తూ కూర్చునేది. ఎవరికీ లొంగని మరక ఆవిడ చేతికి లొంగుతుంది. అదే నలుగురి ముందుకొచ్చి మాట్లాడమంటే నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. వచ్చేపోయేవాళ్లతో మాటలూ తగాదాలూ మేనకోడలివే. ఆ పిల్లకి నోరు తక్కువైతే కదా!

ఒకప్పుడు అత్త టీవీలో సబ్బు పిల్ల. ఆ రోజుల్లో ప్రకటనలు కూడా లైవే. కోడిగుడ్డు సొన అంటిన చొక్కాని పొగలు కక్కే బకెట్లో ముంచాలి, అడుగున ముందే దాచిన తెల్ల చొక్కాని పైకి తీసి నవ్వాలి. అంతే పని. ఒకరోజు ఆ తెల్ల చొక్కా పెట్టడం ఎవరో మరిచిపోయారు. మరక చొక్కానే పైకొచ్చింది. పిల్ల కొయ్యబారిపోయింది. తెర మీద "అంతరాయానికి చింతిస్తున్నాము" బోర్డు పడింది. ఆ తర్వాత ఆమెని ఇంకే ప్రకటనకీ పిలవలేదు. ఆ రోజు పోయిన మాట మళ్లీ పూర్తిగా తిరిగిరాలేదు.

టీవీ రోజుకో రోజు చొప్పున నడిచి నడిచి ఆ రోజు దాకా వచ్చింది.

"అత్తా, బయటికి రా. ఇవాళ నీ రోజు."

"నేను రానే. ఒకసారి పోయిన పరువు చాలదా? మళ్లీ కూర్చుని చూడాలా?"

"చూడమన్నానా? చెప్పమంటున్నా. తుమ్ముకి బదులిచ్చేవాళ్లు నీ మాట వినరా?"

"ఏం చెప్పనే?"

"అది నువ్వే తేల్చుకో. అన్నీ నేనే మాట్లాడితే నా నోరు అరిగిపోదూ!"

అత్త తడిచేతులతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. తెర మీద రెండు జడల పిల్ల నవ్వుతోంది. బకెట్లోంచి ఆవిరి లేస్తోంది. అత్త పెదాలు కదిలాయి, చప్పుడు లేదు. చొక్కా మునిగింది. పైకొచ్చింది. మరక పచ్చగా అక్కడే ఉంది.

పిల్ల కొయ్యబారింది. మేనకోడలు నోరు తెరిచి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తనంతట తనే మూసుకుంది.

"పోలేదని చెప్పమ్మా," అంది అత్త. గొంతు బొంగురుపోయి ఉంది. "పోలేదండీ అని చెప్పు. గుడ్డు మరక వేడినీళ్లకి ఉడికి కూర్చుంటుంది. టీవీలో ఆవిరి అందంగా ఉంటుందని పోశారు వెధవలు! చన్నీళ్లు తెమ్మను. భయపడకు, నేనున్నా."

పిల్ల ఇటు చూసింది.

"మరక పోలేదండీ," అంది. "వేడినీళ్లు పోయడం మా తెలివితక్కువ. ఎవరైనా కాస్త చన్నీళ్లిస్తారా?"

తెర అంచులోంచి ఒక చెయ్యి జగ్గు అందించింది. ఆమె రుద్దింది, పిండింది, మళ్లీ రుద్దింది. బోర్డు పడలేదు.

"సగం పోయిందండీ. మిగతా సగానికి మీ ఇంట్లో మీరే కష్టపడాలి," అని పకపకా నవ్వింది. కెమెరా వెనక ఎవరో పగలబడి నవ్వారు. చెప్పులు కుట్టే తాత ఈల వేశాడు.

మర్నాడు వేళకి ముందే అత్త అందరికంటే ముందు మూట మీద కూర్చుంది. ఆ పిల్ల వస్తుందో రాదో ఎవరికీ తెలీదు. వార్తలయ్యాయి. తెర మీద కాసేపు గీతలు పడ్డాయి. తర్వాత రెండు జడలు కనిపించాయి, చేతిలో పళ్లపొడి డబ్బా.

"నవ్వడానికి పళ్లపొడి అక్కర్లేదండీ," అంది అత్త.

"నవ్వడానికి పళ్లపొడి అక్కర్లేదండీ," అంది తెర మీది పిల్ల.

"కానీ నవ్వాక అందరూ చూసేది పళ్లే," అని అత్త మళ్లీ ఒక్క ఊపిరి ముందే అనేసింది.

మేనకోడలు కళ్లప్పగించి చూసింది. "అత్తా, ఈ మాటలు నీకెలా తెలుసు?"

"బాగుందే సంబడం! నేను చెప్పిన మాటలు నాకు తెలీవా?" అత్త గొంతు వీధి చివరిదాకా వినబడింది. "పక్కకి జరుగు, అడ్డమొస్తున్నావు."