కేకను బట్టి మంచం

"తొమ్మిదేళ్లు ఏం చేశావమ్మా?" అని అడిగింది పెద్ద డాక్టరమ్మ, నా దరఖాస్తు మీంచి తలెత్తకుండానే.

చెప్పాను. పక్షవాతంతో మంచాన పడ్డ మా అత్తగారికి ఆ తొమ్మిదేళ్లూ చాకిరీ చేశాను. ఇద్దరు పిల్లల్ని పెంచాను. మేం అద్దెకుండే వీధిని ఆనుకునే జాలర్ల పేట ఉంది కాబట్టి, కబురొచ్చినప్పుడల్లా వెళ్లి పురుళ్లు పోశాను. ఆవిడ అంతా విని, "అంటే ఖాళీగా ఇంట్లోనే ఉన్నావన్నమాట," అని కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసింది. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా నోరు మూసుకున్నాను, ఉద్యోగం కావాలి గనక.

ఇది ఎనభై రెండులో, విశాఖపట్నంలోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో జరిగింది. పేరెందుకు లెండి. మా ఆయన త్రినాథరావుకి పోర్టులో ఫిట్టరు పని దొరికాక మేం రాజమండ్రి నుంచి ఇక్కడికొచ్చాం. అత్తగారు పడిపోయేదాకా నేను ఈ ఊళ్లోనే ఇంకో ఆసుపత్రిలో మిడ్‌వైఫ్‌గా పనిచేశాను. మానెయ్యమని నన్నెవరూ కొట్టలేదు. మానకుండా ఉండే దారి మాత్రం ఒక్కరూ చూపించలేదు. ఆవిడ కాలం చేశాక మళ్లీ నా పని నేను చేసుకుందామని బయల్దేరాను, అంతే.

తీసుకున్నారు గాని షరతు పెట్టారు. మూడు నెలల పాటు రోగిని ముట్టుకోకూడదు. సిరంజీలు ఉడకబెట్టాలి, గాజుగుడ్డ కత్తిరించి మడతలు పెట్టాలి. సిస్టరు మంచి రిపోర్టు రాస్తే లేబర్ రూములో వేస్తారు. ఒక్క ఫిర్యాదు వచ్చినా ఇంటికే. నాకు ముప్పై ఎనిమిదేళ్లు. ఇది పోతే ఇంకెక్కడా తీసుకోరు.

ఆ సిస్టరు గంగాభవాని. తను ట్రైనింగులో ఉన్నప్పుడు, బిడ్డ తల బయటపడే వేళకి అరచెయ్యి ఎక్కడ ఆనించాలో తన చెయ్యి పట్టుకుని నేర్పించింది నేనే. అప్పుడు అక్కా అక్కా అంటూ నా వెనకే తిరిగేది. ఇప్పుడు "తాయారుగారూ" అంటోంది, ఆ గారుని ముక్కుతో నొక్కి మరీ. మొదటి రోజే నా ముందు ఒక తెల్ల ట్రే పెట్టి, సిరంజి ఎలా ఉడకబెట్టాలో చూపించింది. చూశాను. తల కూడా ఊపాను.

ఆ వార్డులో కాన్పు బల్లలు నాలుగే. వచ్చేవాళ్లు రోజుకి పాతిక మంది. అందుకని ఎక్కడా రాసి ఉండని పద్ధతొకటి నడిచేది. గట్టిగా అరిచిన దాన్ని లోపలికి తీసుకెళ్లేవారు. మూలిగిన దానికి వరండాలో చాప ఇచ్చేవారు. నోరెత్తని దాన్ని గోడవార బెంచీ మీద కూర్చోమనేవారు. కేకను బట్టి మంచం. ఆయాలకీ అదే తెలుసు, సిస్టర్లకీ అదే తెలుసు.

నా మూడు నెలలు పూర్తవడానికి ఇంకా మూడు వారాలున్నాయనగా ఒక గురువారం, పొద్దున్న పది గంటల వేళ, జాలర్ల పేట పోతమ్మ తన కోడలు చిట్టమ్మని రిక్షాలో తీసుకొచ్చింది. పోతమ్మ పెద్దకూతురికి రెండు పురుళ్లూ పోసింది నేనే. నన్ను చూడగానే ఆవిడ ముఖం తేటపడింది. చిట్టమ్మకిది రెండో కాన్పు. పెదవి మీద చెమట తప్ప పైకి ఏమీ కనపడటం లేదు. నొప్పులొచ్చాయని పోతమ్మ చెప్పినా, ఆయా ఒక చూపు చూసి బెంచీ చూపించింది.

నేను చిట్టమ్మ కాళ్లు చూశాను. కాలివేళ్లు నేలని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. వదులుతున్నాయి, మళ్లీ పడుతున్నాయి. నొప్పికీ నొప్పికీ మధ్య ఎడం బాగా తగ్గిపోయింది. పైటకొంగు పళ్ల మధ్య ఉంది.

"వరహాలు ఎక్కడున్నాడు?" అని పోతమ్మని అడిగాను. వరహాలు ఆవిడ కొడుకు.

"యాటకెల్లినాడమ్మా. నిన్న ఏకువన ఎల్లినాడు, ఇంకా రానేదు."

ఆ పేటలో ఆడవాళ్లకొక నియమం ఉంది. మొగుడు సముద్రం మీదున్నంత సేపూ ఇంట్లో ఆడది కేక పెట్టకూడదు. ఆ కేక నీళ్లమీద పడవకి తగులుతుందంటారు. నొప్పులొచ్చినా సరే కొంగు కొరుక్కుంటారు, గుంజ పట్టుకుంటారు, చప్పుడు మాత్రం రానివ్వరు. మగవాళ్లు ఒడ్డునుంటే అదే ఆడవాళ్లు ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరుస్తారు. ఖాళీగా ఇంట్లో ఉన్న ఆ తొమ్మిదేళ్లలోనే నేనిది నేర్చుకున్నాను. ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

గంగాభవాని దగ్గరికెళ్లాను. "ఆ బెంచీ మీద అమ్మాయిని ఒక్కసారి చూడమ్మా. దగ్గరికొచ్చేసింది."

"మూలుగైనా నేదు కదండీ. అరిసేవాళ్లనే సూడలేక సత్తన్నాను."

"వాళ్లాయన వేటలో ఉన్నాడు. అందుకని అరవదు. అది వాళ్ల పద్ధతి."

"ఇదేటండీ తాయారుగారూ. మొగుడు సముద్రంలో ఉంటే పెళ్లాం నొప్పులు బయటికి రావా?" అంది. ఆయాలు నవ్వారు. "మీ పని సిరంజీలండీ. అది సూసుకోండి."

వెనక్కి వచ్చాను. ఇక్కడ నన్ను నేను తిట్టుకోకుండా ఈ కథ చెప్పలేను. ఇరవై నిమిషాలు. కడుపు మీద చెయ్యేసి, ఒకసారి లోపల చూడటానికి నాకు రెండు నిమిషాలు పట్టేది. నా చేతులకి అంతా తెలుసు. ఆ చేతులతో, ఒకసారి ఉడికిన సిరంజీలనే మళ్లీ నీళ్లలో వేశాను. ఇంకా మూడు వారాలేగా, ఫిర్యాదు రాకూడదు అనుకుంటూ నిలబడ్డాను. పోతమ్మ రెండుసార్లు నావైపు చూసింది. రెండుసార్లూ నేను ముఖం తిప్పుకున్నాను.

చిట్టమ్మ బెంచీ మీంచి జారి నేలమీద కూలబడింది. అప్పుడు పరిగెత్తాను. ఉమ్మనీరు పోయింది, తల బయటికొచ్చేసింది. బొడ్డుతాడు మెడకి రెండు చుట్లు బిగుసుకుని ఉంది. ఒక చుట్టు తప్పించాను. రెండోది వదల్లేదు, కత్తిరించాల్సొచ్చింది. మగబిడ్డ. నీలంగా ఉన్నాడు. గంగాభవాని కూడా పరిగెత్తుకొచ్చింది. నోట్లో ఊపిరి ఊదాం, వీపు రుద్దాం, చెయ్యాల్సినవన్నీ చేశాం. తను ఆ కాసేపూ తప్పు చెయ్యలేదు, ఆ మాట కూడా చెప్పాలి. బిడ్డ మాత్రం ఊపిరి తీసుకోలేదు.

చిట్టమ్మ అప్పుడూ అరవలేదు. మా ముఖాలు చూసింది, తెలుసుకుంది, పైటకొంగు మొత్తం నోట్లో కుక్కుకుంది.

పోతమ్మ బిడ్డని గుడ్డలో చుట్టుకుని నా దగ్గరికొచ్చింది. గొంతు పెంచలేదు. "నీకు తెలుసు గదమ్మా. మంత్రసాని గురువమ్మ వత్తానంటే నానే వద్దన్నాను. నువ్వున్నావనే ఇక్కడికి ఒట్టుకొచ్చినాను."



మర్నాడు పెద్ద డాక్టరమ్మ పిలిచింది. గంగాభవాని గోడవార తలొంచుకుని నిలబడి ఉంది. బల్లమీద టైపు చేసిన కాగితం. రోగి నొప్పులున్నట్టు సిబ్బందికి తెలియజేయలేదు, అరవలేదు, మూలగలేదు, అందువల్ల సకాలంలో గుర్తించడం సాధ్యపడలేదు. కింద సాక్షి సంతకానికి నా పేరు. "సంతకం పెట్టి సోమవారం నుంచి లేబర్ రూముకి వచ్చెయ్యి. నీ మూడు నెలలూ అయిపోయినట్టే," అంది. రేపు పెడతానని ఇంటికి వచ్చేశాను.

"ఒక్క సంతకమే కదా తాయారూ. పోయిన బిడ్డ ఎలాగూ తిరిగి రాడు," అన్నాడు మా ఆయన. చెడ్డవాడు కాదు. నేను మళ్లీ తెల్ల చీర కట్టినందుకు నాకంటే ఎక్కువ సంతోషించిన మనిషి. నేనూ పెట్టేద్దామనే అనుకున్నాను. అబద్ధం చెప్పను.

ఆ సాయంత్రం పొయ్యి వెలిగిస్తుంటే పేట వైపు నుంచి ఒక కేక వినిపించింది. అలాంటి కేక నేను ఏ లేబర్ రూములోనూ వినలేదు. బయటికొచ్చి నిలబడ్డాను. అటునుంచి వస్తున్న ఒకావిడ చెప్పింది, వరహాలు పడవ ఒడ్డుకి చేరిందట. పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన చిట్టమ్మ అంతవరకూ ఆగింది. రెండు రోజులు బిగపట్టుకున్నదంతా ఒక్కసారి వదిలేసింది. ఆ అరుపు చీకటిపడేదాకా ఆగలేదు. ఈ మనిషి గురించే, నొప్పులున్నట్టు తెలియజేయలేదు అని రాసింది ఆ కాగితంలో.

శనివారం పొద్దున్న ఆ టైపు కాగితాన్ని పక్కకి జరిపి, తెల్లకాగితం అడిగి తీసుకున్నాను. నిలబడే రాశాను. రోగికి నొప్పులున్నాయని ఆమె అత్త చెప్పింది. ప్రసవం దగ్గరపడిందని నేను గుర్తించాను. పది గంటల పది నిమిషాలకి సిస్టరుకి చెప్పాను, ఆమె చూడలేదు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు నాకు తెలిసి కూడా, నా ఉద్యోగం పోతుందని భయపడి, ముట్టుకోలేదు. రోగి తప్పు ఏమీ లేదు.

డాక్టరమ్మ చదివింది. ఈసారి తలెత్తి నన్ను చూసింది. "ఇది నీ మీద నువ్వే రాసుకున్నావు. ఇది ఫైల్లో పెడితే నిన్ను ఇక్కడే కాదు, ఎక్కడా తీసుకోరు. తెలుసా?"

"తెలుసండీ."

"మరి ఎవరి కోసం ఇదంతా?"

"మీ కాగితం ఉంటే, బిడ్డ పోవడానికి తల్లే కారణమని ఎప్పటికీ ఉంటుందండీ. ఆ అమ్మాయికి చదువు రాదు. చదవడం వచ్చిన నేను సంతకం పెట్టకూడదు."

"సంతకం అయినా సరిగ్గా పెట్టు," అని విసుగ్గా కాగితం నావైపు తోసింది. "పేరుకింద హోదా రాయలేదు."

కలం తీసుకున్నాను. తొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి, చేస్తున్న ఉద్యోగాన్ని నా చేత్తో నేనే పోగొట్టుకుంటున్న ఆ కాగితం మీద, నా పేరుకింద మిడ్‌వైఫ్ అని రాశాను.