నిమ్మళించిన రాయి

రమణి పొద్దున్నే లేచి పొయ్యి రాజేసి, ఒక పక్క ఇంట్లోకి రాగుల్తో చోడి అంబలి, ఇంకో పక్క గెస్టులకి కాఫీ పెట్టేది. గెస్టులంటే చలికాలంలో మంచు చూడ్డానికి విశాఖపట్నం నుంచి వచ్చేవాళ్ళు. అరకు నుంచి కొంచెం లోపలికి, కాఫీ తోట పక్కన, రమణీ ఆమె భర్త ధర్మా ఉన్న ఇంటికే రెండు గదులు కలిపి, గేటుకి హోమ్‌స్టే అని బోర్డు తగిలించారు. వచ్చినవాళ్ళకి మంచు నచ్చేది, మిరియాలు దంచి రమణి వండే నాటుకోడి నచ్చేది. వంటిల్లు మాత్రం నచ్చేది కాదు. ఒకావిడ మసిబారిన గోడనీ మట్టి అరుగునీ ఫొటో తీసి ఇంటర్నెట్లో పెట్టింది. కింద ఏం రాసిందో ధర్మ చదివి వినిపించలేదు గానీ ఆ రోజంతా అంబలి ముట్టలేదు. సాయంత్రం, "వంటిల్లు మార్సేద్దాం" అన్నాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎవరో గానీ, వంటిల్లు మార్చి చూడు అనడం మరిచిపోయాడు. టైల్స్ రంగు దగ్గర మొగుడూ పెళ్ళాలకి మాటలు ఆగిపోయాయి. అలమారల దగ్గర మళ్ళీ కలిశాయి. ఆఖరికి మిగిలింది గట్టు మీద పరిచే రాయి. అది నీ ఇష్టం అన్నాడు ధర్మ. రమణి ఎస్.కోట బస్సెక్కి, రోడ్డు మీదే ఉన్న దేవీప్రసాద్ రాళ్ళ షాపుకి వెళ్ళింది.

"నల్ల గ్రానైట్ అయితే మరకలు కనబడవమ్మా. తెల్లగా ఉండాలంటే మాత్రం క్వార్ట్జే. పసుపు పడినా, నిమ్మరసం పడినా తుడిస్తే పోతుంది. కాలే గిన్నె తిన్నగా పెట్టకూడదు, అంతే" అన్నాడు దేవీప్రసాద్.

"క్వార్ట్జ్ అంటే ఏటి బాబూ?"

"మీ కొండల్లో దొరికే పలుగురాయేనమ్మా. పొడి కొట్టి, జిగురు కలిపి పలకలు పోస్తారు."

రమణికి నవ్వొచ్చింది. చిన్నప్పుడు ఆమే తమ్ముడూ చోడి చేలో పలుగురాళ్ళు ఏరి గట్టున పోసేవాళ్ళు. ఇప్పుడు అదే రాయి వంటింటి గట్టు మీదికి కొనుక్కెళ్ళాలి.

షాపు వెనక షెడ్డులో పలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటిలో రెండు మూడు దగ్గుతున్నాయి. రమణి అటు తిరిగి చూడలేదు. దగ్గే పలకలు ఏ షాపులోనైనా ఉంటాయి. రాయి కోసే యూనిట్లలో పనిచేసేవాడికి ఏదో ఒకరోజు దుమ్ము ఊపిరిలోకి దిగబడుతుంది. ఆ రోజు వాడి చేతి కింద ఏ పలక ఉంటే, వాడి దగ్గు ఆ పలకలో పడుతుంది. మనిషికి ఒక్కటే పలక. అక్కడ వాడు దగ్గితే ఇక్కడ రాయి దగ్గుతుంది. దాన్ని షాపువాళ్ళు పచ్చిది అంటారు. కొన్నాళ్ళకి దగ్గు ఆగిపోతుంది, అప్పుడు నిమ్మళించింది అంటారు. నిమ్మళించాకే సింకుకి కన్నం కోసి ఇళ్ళకి పంపుతారు. ఎందుకు నిమ్మళిస్తుందో అందరికీ తెలుసు. జ్వరం తగ్గినవాణ్ణి "నిమ్మళించిందా నాయనా" అని ఆప్యాయంగా అడిగే మాట అది. దాన్నే తెచ్చి దీనికి తగిలించారు. మంచిమాట కప్పితే ఎంత పాపమైనా పాపంలా కనబడదు.

రమణి తమ్ముడు ఫల్గుణ కూడా కింద మైదానంలో అలాంటి యూనిట్లోనే ఉన్నాడు. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది రమణే. "నేను లోడింగప్పా, మిషను జోలికి పోను" అని ఫోన్లో చెబుతుండేవాడు కాబట్టి ఆమెకి ఆ దిగులు లేదు.

తెలుపు మీద ఇంగువరంగు చార పారిన రాయి ఆమెకి నచ్చింది. అరచేయంత ముక్క చూపించాడు దేవీప్రసాద్. ఆ రకంలో పలక ఒక్కటే మిగిలిందట, అదీ వరసలో అందరికంటే వెనకుంది. ఇంకా పచ్చిగానే ఉందన్నాడు.

"బుక్ చేసుకోండి. నిమ్మళించగానే పంపిస్తాను."

రమణి సరేనంది. గెస్టులుండే ఇల్లు, దగ్గే రాయి ఎలా పెట్టుకుంటారు మరి.

అరకులో శుక్రవారం సంత. సంతకి వెళ్ళిన ప్రతిసారీ ఓ పక్కకి నిలబడి ఆమె దేవీప్రసాద్‌కి ఫోన్ చేసేది.

"మా రాయి నిమ్మళించిందా బాబూ?"

"ఇంకా లేదమ్మా. గట్టిపిండం."

"బేగి సూడండి బాబూ. సీజను వచ్చేత్తంది."

ఒక్కోసారి విసుక్కునేది కూడా. ఫోన్ పెట్టేసి ఉల్లిపాయలు బేరమాడుకునేది.

వానలు వెనకబట్టాక, అంచు గుండ్రంగా ఉండాలో పలకగా ఉండాలో చూసి చెప్పమని దేవీప్రసాద్ కబురు పెట్టాడు. రమణి షాపుకి వెళ్ళేసరికి ముందున్న పలకలన్నీ అమ్ముడైపోయి, ఆమె రాయి షెడ్డు మధ్యలో ఒంటరిగా నిలబడి ఉంది. రమణి దగ్గరికి వెళ్ళి చార మీద వేలు పెట్టింది. రాయి దగ్గింది. దగ్గి దగ్గి, చివర్లో సిగ్గుపడినట్టు చిన్నగా నవ్వింది.

రమణి చెయ్యి అక్కడే ఉండిపోయింది. పొయ్యి పొగ గొంతులో పడినప్పుడల్లా ఫల్గుణ అలాగే దగ్గేవాడు, చివర్లో అలాగే నవ్వేవాడు. ఎందుకురా నవ్వుతావంటే, నువ్వు బయపడతావని అప్పా, అనేవాడు.

ఆమె చెంగుతో మొహం తుడుచుకుని తమ్ముడికి ఫోన్ కలిపింది.

"ఎలాగున్నావురా?"

"నిమ్మళంగానే ఉన్నానప్పా. నాకేటి, బాగున్నా..." మాట పూర్తికాకుండానే దగ్గాడు. ఒక చెవిలో ఫోన్ దగ్గింది, ఇంకో చెవి పక్కన రాయి దగ్గింది. రెండూ కలిసి నవ్వాయి.

తన నోటితో తను సంతలో నిలబడి అడిగిన మాటలన్నీ ఆమెకి అప్పుడు వినబడ్డాయి. వాడు ఇంకా పోలేదేం అని వారం వారం విసుక్కుంది. రమణికి తన నోరు తనకే అసహ్యమనిపించింది.

"బాబూ, ఈ రాయి ఇయ్యాలే పంపించీండి" అంది.

"పచ్చిదమ్మా!"

"పచ్చిదే కావాల."

దేవీప్రసాద్ ఆమె మొహం చూశాడు. వ్యాన్ పిలిచి, పలకకి రెండు వైపులా గడ్డి పెట్టించాడు. సింకు కన్నం మీ ఊళ్ళోనే కోయించుకోండి, పచ్చిది నేను కొయ్యను అన్నాడు. అతని మంచితనం అంతవరకు వచ్చింది.

రాయిని వంటింటి గట్టు మీద కన్నం లేకుండానే పరిచారు. అది రోజంతా దగ్గేది. గోనెపట్టా మడిచి దాని మీద వేడి అంబలి కుండ పెడితే కాసేపు ఊపిరి సాఫీగా వచ్చేది. అలా ఉన్నప్పుడు రమణి తమ్ముడికి ఫోన్ చేసేది. అవతల వాడి గొంతు కూడా తేటగా ఉండేది. అప్పటినుంచి ఆ కుండ దించలేదు.

ధర్మ రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడోరోజు, "ఏటే ఇది? అంత దూరమెల్లి దగ్గే రాయి తెత్తావా? నిమ్మళించింది దొరకనేదా?" అన్నాడు.

"నాకిదే నచ్చింది మావా."

అంతకుమించి చెప్పలేకపోయింది. అది ఎవరి దగ్గో చెబితే, వారం వారం ఫోన్ చేసి దేనికోసం తొందరపెట్టిందో కూడా చెప్పాలి. ధర్మ ఆ దగ్గుని గుర్తుపట్టే వీల్లేదు. పెళ్ళయిన కొత్తలో చూసిన బావమరిది గొంతు అతనికేం గుర్తుంటుంది. ముందు తమ్ముణ్ణి ఇంటికి తెచ్చుకుంటే, వాడి ఎదురుగానే అన్నీ చెప్పుకోవచ్చు, అనుకుంది. ఫల్గుణకి ఒంట్లో బాగోలేదు, తీసుకొస్తానని చెప్పి కొండ దిగింది.

యూనిట్ వెనక రేకుల షెడ్డులో ఫల్గుణ గోడకి జారబడి కూర్చుని ఉన్నాడు. చొక్కా వేరే మనిషిది తొడుక్కున్నట్టుంది. అక్కని చూసి లేవబోయి, దగ్గి, నవ్వాడు. రమణి వాడి సంచీ భుజానికి తగిలించుకుని, వాణ్ణి నడిపించుకుంటూ కొత్తవలస స్టేషనుకి తెచ్చి కిరండూల్ పాసింజరు ఎక్కించింది.

కిటికీ పక్కన కూర్చున్నాక వాడికి కొంచెం ప్రాణం లేచొచ్చింది.

"వంటిల్లు మార్సినారంట గదప్పా. రాయి ఏ రంగు?"

"తెలుపు."

"తెల్లదా! నేను తెల్లవే కోసేవోణ్ణి." తను లోడింగని చెప్పిన సంగతి వాడు మరిచిపోయాడు. కాసేపు కొండలకేసి చూశాడు. "నా రాయి ఎవలింట్లో ఉన్నాదో."

"మంచోళ్ళింట్లోనే ఉంటాదిలేరా" అంది రమణి.

శివలింగపురం దగ్గర బండి ఆగింది. ఇక అక్కణ్ణుంచి ఘాటీ, సొరంగాలు. సిగ్నలు ఉన్నప్పుడే చెప్పాలని ధర్మకి ఫోన్ చేసింది. తమ్ముడు భుజానికి భుజం ఆనుకుని కూర్చున్నాడు. వాడు వినేలా ఏం చెప్పగలదు?

"ఏటి సేత్తన్నావు మావా?"

"గది తుడుత్తన్నాను. గాసి వచ్చినాడు, టైల్స్ సందులు పూత్తన్నాడు."

"రాయి ఎలాగున్నాది?"

"ఎలాగుంటాది, దగ్గుతన్నాది."

"దాన్ని నిమ్మళంగా సూడు మావా. మేం వచ్చేతలికి అది నిమ్మళంగా ఉండాల. నేపోతే గుంటడు పడుకోనేడు."

"అంతే గదా! అలాగేలే" అన్నాడు ధర్మ. రమణి ఇంకో మాట అనేలోపు బండి కదిలి లైను తెగిపోయింది. కుండలో అంబలి వేడిగా ఉంచమని చెప్పడం కుదరలేదు. అయినా ధర్మ అలాగే అన్నాడు కదా అని మనసు కుదుటపరుచుకుంది.

ఇంటి దగ్గర ధర్మ ఫోన్ జేబులో పెట్టుకుని గాసిని పిలిచాడు. గాసి ఆ ఊరి తాపీమేస్త్రీ, రాయి కోసే మిషను కూడా అతని దగ్గరే ఉంది.

"రాయి నిమ్మళించాలంట. మా బామ్మరిది జబ్బుమనిషి, ఈ దగ్గుకి నిద్దర పట్టదు. ఏటి సెయ్యాల?"

గాసి తల గోక్కున్నాడు. "సింకు కన్నం కోసీతే నిమ్మళిత్తాది. గానీ పచ్చిది కొయ్యకూడదంటారు."

"రమణే సెప్పింది."

ఎవరో చెప్పారంటే చాలు, మన చేతులకి బరువుండదు. గాసి అంబలి కుండ దించి పక్కన పెట్టాడు. పెన్సిలుతో నాలుగు గీతలు గీసి, మూతికి తువ్వాలు కట్టుకుని మిషను పెట్టాడు. ధర్మ సాయంగా చెంబుతో నీళ్ళు పోశాడు. మిషను రొదలో రాయి దగ్గిందో లేదో ఇద్దరికీ వినబడలేదు. కోసిన ముక్క కింద పడ్డాక గాసి మిషను ఆపాడు. వంటిల్లంతా చప్పుడు లేదు. ధర్మ చెవి ఆనించి విని, తృప్తిగా, తడిగుడ్డతో గట్టంతా శుభ్రంగా తుడిచాడు. తెల్లగా మెరుస్తున్న ఆ వంటిల్లు చూసి అతనికి నిజంగా సంతోషమేసింది. రమణి చూస్తే ఎంత మురిసిపోతుందో అనుకున్నాడు.

బండిలో, బొర్రా గుహలు దాటాక, ఒక సొరంగంలో ఫల్గుణ దగ్గు ఆగిపోయింది. సొరంగం దాటి వెలుతురు వచ్చేసరికి వాడి తల రమణి భుజం మీద ఉంది. పొద్దుటినుంచి ఆ దగ్గు వింటున్న ఎదుటి సీటావిడ, "హమ్మయ్య, కన్నంటుకున్నాది బిడ్డకి" అంది. రమణి మురిసిపోయింది. మావ కుండ వేడిగా ఉంచుంటాడు, అనుకుంది. చలిగాలి తగలకుండా కిటికీ తలుపు దించి, శాలువా వాడి మెడదాకా కప్పింది. భుజం లాగుతున్నా కదల్లేదు.

కరకవలస దగ్గర ఫోన్ మోగింది.

"రమణీ! నువ్వు సెప్పినట్టే అయిపోనాది. గాసి సేత సింకు కోయించీసినాను. ఒక్క దగ్గు నేదు. ఎంత నిమ్మళించిందనుకున్నావు! బేగి రండి, బామ్మరిది హాయిగా పడుకుంటాడు."

రమణి శాలువా కిందికి చెయ్యి పోనిచ్చి తమ్ముడి ఛాతీ మీద పెట్టింది. అలాగే ఉంచింది.

"ఇనబడతందా? హలో?"

ఎదుటావిడ వేలు పెదాల మీద పెట్టుకుని, "మెల్లగా మాటాడమ్మా, లేచిపోతాడు" అంది.

"ఇనబడతంది మావా" అంది రమణి, మెల్లగానే. "స్టేసనుకి నువ్వొక్కడివే రాకు. నలుగుర్ని తీసుకురా."

"నలుగురెందుకే? సామానేటైనా తెత్తన్నావా?"

"ఊ" అంది రమణి.