అర్మాండ్ అరచేతులు

నా కొట్టు నెత్తి మీద కోరల్ క్రౌన్ హోటలు ముప్పై అంతస్తులెత్తు నిలబడి ఉంది. దాని కాసినోకి తాళం పడి పదేళ్లు దాటింది. అప్పట్నుంచీ ఆ టవరును కొన్న ప్రతివాడూ ముందు నా దగ్గరికే వస్తాడు. పోర్క్ రోల్ అనే పంది మాంసం ముక్కా, గుడ్డూ పెట్టిన బన్ను తిని, మూతి తుడుచుకుంటూ తన పథకం చెబుతాడు. ఒకడు నీళ్ల ఆటల పార్కన్నాడు. ఒకడు కాలేజీ పిల్లలకి హాస్టలన్నాడు. ఇంకొకడు పై అంతస్తుల్లో పాలకూర పండిస్తానన్నాడు. వాళ్లందరూ మా అట్లాంటిక్ సిటీ వదిలిపోయారు. టవరు ఉంది, దాని అడుగున నా పెనం ఉంది.

ఈ వసంతంలో ప్రెస్కాట్ అనే ఆయన వచ్చాడు. ఆయనకి టవరు చాలదట, కింద ఉన్న కొట్ల వరస కూడా కావాలట. ఆ వరస నగరానిది. నగర సభ ఓటేసి ఇచ్చేస్తే నా కొట్టు పోయినట్టే.

"లోపల మీకు ఇంతకంటే పెద్ద కొట్టిస్తానండీ" అన్నాడు. రాసిమ్మంటే నవ్వి ఊరుకున్నాడు.

అంతటితో ఆగకుండా మా తమ్ముడు అర్మాండ్‌కి గాలం వేశాడు.

అర్మాండ్ ఆ కాసినోలో పేక ముక్కలు పంచేవాడు. పంచేవాళ్లు బల్ల వదిలే ముందు చప్పట్లు చరిచి, రెండు చేతులూ అటూ ఇటూ తిప్పి, పైనున్న కెమెరాకి చూపించాలి. ఏమీ కాజేయలేదని దానర్థం. ఉద్యోగం పోయింది గానీ అలవాటు పోలేదు. వాడు ఏ బల్ల దగ్గర్నుంచి లేచినా చరుస్తాడు. అమ్మ సమాధిలో గుప్పెడు మట్టి వేసి, ఠప్పున చరిచి, ఫాదరుకి అరచేతులు చూపించాడు. ఆయన పాపం, దీవెన అడుగుతున్నాడనుకుని దీవించాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ప్రెస్కాట్ వాడికి నీలం సూటు కుట్టించి, సభలో తన తరఫున మాట్లాడమన్నాడు. వాడు అది తొడుక్కుని నా కొట్టుకొచ్చాడు.

"ఎలా ఉందక్కా?"

"శవప్పెట్టెలో పడుకోబెట్టే ముందు తొడిగినట్టుంది. ఎవరి కొంప ముంచడానికిరా?"

"ఊరికే సూటొస్తే వద్దనడానికి నేనేమన్నా పిచ్చోణ్ణా?"

"నా కొట్టు పోతే రోజూ పొద్దున్నే నీకెవడు పెడతాడ్రా?"

"నువ్వూరికే కంగారుపడకు" అని బన్ను పట్టుకుని పోయాడు. ఆ పూట పెనం ముందు నిలబడి ఏడ్చాను. అడిగినవాళ్లకి ఉల్లిపాయలన్నాను.

సభ రోజు హాలు నిండా ఆ కాసినో పాత ఉద్యోగులే. ముక్కలు పంచినవాళ్లు, చక్రం తిప్పినవాళ్లు, నాలా గ్లాసులు మోసినవాళ్లు. సభ అధ్యక్షురాలు గేథర్స్ కూడా ఒకప్పుడు అక్కడే ముక్కలు పంచేవాళ్ల మీద సూపర్‌వైజరు.

అర్మాండ్ మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "ఈయన మాటంటే మాటే. వచ్చే వేసవికల్లా టవరు తెరుస్తారు. మా అక్క కొట్టుకేం ఢోకా లేదు."

ప్రెస్కాట్ మురిసిపోయాడు. నాకు తమ్ముడి పీక పిసికేయాలనిపించింది.

వాడు మైకు వదిలి కదిలాడు. చేతులు చరవలేదు. రెండు చేతులూ కొత్త సూటు జేబుల్లో దోపుకుని, తాపీగా నడిచి వచ్చాడు.

హాలంతా వాడి జేబుల వైపే చూసింది. వెనక వరసలోంచి ఒక ముసలాయన, "చేతులేవిరా?" అన్నాడు. ఇంకొకావిడ, "చూపించు అర్మాండ్" అంది. వాడు వినిపించుకోకుండా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బల్ల వదిలేవాడు చేతులు చూపించలేదంటే ఏమిటో ఆ హాల్లో తెలియనివాడు ప్రెస్కాట్ ఒక్కడే.

"ఏమైందండీ? బాగానే మాట్లాడాడుగా" అన్నాడాయన.

గేథర్స్ కళ్లద్దాలు పైకి తోసుకుంది. "ఆ కొట్టు సంగతి కాగితం మీద రాసిస్తారా?"

"అది మా లాయర్లు చూడాలండీ."

"చూసి రమ్మనండి. అందాకా ఓటు లేదు."

ఆ లాయర్లు ఇంకా చూస్తూనే ఉన్నారు.

సభ జరిగిన మర్నాడు అర్మాండ్ నా కొట్లో తిని లేచి, చరిచి, చేతులు చూపించాడు. నవ్వాపుకోలేకపోయాను.

"సూటు తిరిగిచ్చేశావా?"

"ఆయన అడగలేదు."

కిటికీలోంచి పైకి చూస్తే టవరు కనిపిస్తోంది. గాజులు పగిలిన చోట గంగాకాకులు కూర్చున్నాయి. నా నవ్వు ఎటో పోయింది.

"ఒరేయ్, నిజం చెప్పు. మళ్లీ ఎప్పటికైనా తెరుస్తారంటావా? నీ బల్లా, ఆ జనం, ఆ గోలా..."

వాడు తలెత్తి టవరు చివరిదాకా చూశాడు.

"తెరవకేం అక్కా. వచ్చే వేసవికే" అని, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.