జానెడు లేపి చూడు

కంప్యూటర్‌ను లోపలి నుంచి నడిపే మూల ప్రోగ్రాం కెర్నెల్. అది కొన్ని మెమరీ పేజీలకు కాపలా కాస్తుంది. అనుమతి లేకుండా ఏ ప్రోగ్రాం అక్కడ రాయబోయినా అక్కడికక్కడే చంపేస్తుంది. సాయిశంకర్ రాసిన టెస్టు పని ఒక దొంగ ప్రోగ్రాంను పంపి, చచ్చిందో లేదో చూడటం. నాగమణి కాపలాను తీసేసి మరీ ఆ టెస్టును నడిపించింది. అయినా దొంగ చచ్చాడు. స్క్రీన్ మీద పచ్చగా ‘పాస్’ వెలిగింది.

"మరి నిన్నెవుడు సంపేడ్రా?" అని నవ్వుకుంది.

మద్దిలపాలెం ఆఫీసులో ఆమెకిది చివరి రోజు. పొట్టి మనిషి, నెరిసిన జడ, ముక్కు కొసన కళ్లద్దాలు. కెర్నెల్లో ఒక్క లైను కూడా ఆమెది లేదు. ఇన్నేళ్లూ ఒకరు రాసిన టెస్టులను చదివి తప్పులు పట్టడమే పని. దానికి ఆమె ఎన్నడూ చిన్నబుచ్చుకోలేదు. బల్ల మీద కాగితాలు ఎగరకుండా ఒక ఇనుప కొక్కెం ఉంటుంది. పోర్టులో కళాసీగా బస్తాలు లాగిన తండ్రిది. క్రేన్ బరువును జానెడు లేపి ఆపాలి, తాడు చూసుకున్నాకే పైకెత్తాలి అనేవాడాయన. ఆమె చదివిన చదువంతా ఒక ఎత్తు, ఆ జానెడు ఒక ఎత్తు.

సాయిశంకర్ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. ఈ కెర్నెల్ సాయంత్రానికల్లా పోర్టు క్రేన్ల కంట్రోల్ పెట్టెలకు వెళ్లాలి.

"అక్కా, కేకు వచ్చేసింది. అప్రూవ్ కొట్టేద్దూ. అన్నీ పాసే కదా?"

"పాసే. కాపలా తీసేసినా పాసే. ఏటి సేద్దాం?"

అతని మొహం మాడిపోయింది. "తర్వాత సూసుకుంటాం అక్కా. ఎల్లిపోతన్నావ్ కదా, నీకెందుకీ గొడవ?"

"నాను ఎల్లిపోతాను. క్రేన్ కింద కళాసీలు ఎక్కడికెల్తారు? కూకో."

ఇద్దరూ వరస వరసా చదివారు. దొంగ అసలు కాపలా దాకా వెళ్లనే లేదు. పేజీ చిరునామా ఉండాల్సిన చోట సున్నా ఉండిపోవడంతో దారిలోనే కూలిపోయాడు. టెస్టేమో చావును చూసి సంబరపడింది, ఎక్కడ చచ్చాడని అడగలేదు. సాయిశంకర్ చిరునామా దిద్ది, ఆ ప్రశ్న కూడా చేర్చాడు. కాపలా తీసేసి నడిపితే దొంగ బతికిపోయాడు, ఎర్రగా ‘ఫెయిల్’ వచ్చింది. నాగమణికి ఎంత సంతోషమో! కాపలా పెట్టాక పచ్చబడింది. అప్పుడు అప్రూవ్ నొక్కింది.

కేకు మీద క్రీము కరిగిపోయినా అందరూ తిన్నారు. వాళ్లు చేతులు కడుక్కుంటుండగా ఆమె సంచీ భుజానికి తగిలించుకుని బస్సుకు వెళ్లిపోయింది.

సాయిశంకర్ తన సీటుకు తిరిగొచ్చేసరికి కీబోర్డు పక్కన కొక్కెం ఉంది, ఎవరి చేతికీ గుచ్చుకోకుండా మొన గోడవైపు తిప్పి.