ప్రయాణానికి కుట్టిన కోటు

మెట్ల మీద చెప్పుల చప్పుడు. రెండడుగులు పైకి, కాసేపు నిశ్శబ్దం. మళ్లీ రెండడుగులు, మళ్లీ నిశ్శబ్దం. బట్టలు కుట్టించుకునేవాళ్లు ఇలా ఎక్కరు. ఏదో అడగడానికి వచ్చేవాళ్లే ఇలా ఎక్కుతారు. దర్జీ ఆవిడ మిషను ఆపి దారం తెంపింది.

"వచ్చినట్టుంది," అన్నాడు భర్త, కత్తిరింపు బల్ల దగ్గర నుంచి. "ఈసారైనా మొహం చిట్లించకుండా మాట్లాడు."

"నా మొహం సంగతి మీకెందుకండీ? మీ కత్తెర సంగతి చూసుకోండి."

నాలుగేళ్ల కిందట వాళ్ల ఒక్కగానొక్క కూతురికి విదేశంలో చదువుకోవడానికి స్కాలర్‌షిప్ వచ్చింది. ఫీజులూ వసతీ అక్కడివాళ్లే భరిస్తారు. విమానం టికెట్టు మాత్రం సొంత ఖర్చు. ఆలుమగలు రెక్కలు ముక్కలు చేసుకుని ఆ సొమ్ము కూడబెట్టారు. తీరా బయలుదేరే ముందు పిల్లకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గలేదు, పిల్ల దక్కలేదు. ఆ తర్వాత ఆ పిల్ల పేరు ఇంట్లో ఇద్దరూ పలకలేదు. ఆ డబ్బు వాడుకోవడానికి ఇద్దరికీ చేతులు రాలేదు. మరో ఆడపిల్ల ప్రయాణానికి ఇస్తామని భర్త కాలేజీలో చెప్పి వచ్చాడు. అప్పటి నుంచి ఏడాదికొకరు వస్తూనే ఉన్నారు. ఆవిడ ఎవరికీ ఊ అనలేదు.

లోపలికి వచ్చిన పిల్ల సన్నగా, పొడుగ్గా, గుమ్మానికి తల తగులుతుందేమోనన్నట్టు వంగి ఉంది.

"ఏం చదువుతావు అక్కడ?"

"ఉప్పునీళ్లను తాగే నీళ్లుగా మార్చడం గురించి, పిన్నిగారూ. ఫీజు వాళ్లే ఇస్తారు. టికెట్టు కోసమే తిరుగుతున్నా. ఒక సంస్థ వాళ్లు అబ్బాయిలకే అన్నారు. ఇంకోచోట గడువు నిన్నటితో సరి అన్నారు. మరొకళ్లు ప్రయాణ ఖర్చు మొత్తం ఇస్తామన్నారు, కాకపోతే అక్కడికి చేరాక."

"చేరాకా? అందాకా ఈదుకుంటూ పొమ్మనా?" అన్నాడు భర్త.

"అదే అడిగాను బాబాయిగారూ. ఫోను పెట్టేశారు."

ఆవిడ పెదవి కదిలింది. నవ్వో, ఏడుపుకు ముందు వణుకో తెలియలేదు.

"అక్కడ చలి. కోటుందా?"

"లేదండీ."

"ఇలా వచ్చి నిలబడు."

భర్త గబగబా నీలం ఉన్నిగుడ్డ బల్ల మీద పరిచాడు. ఇన్నేళ్లకు ఆవిడ ఊ అంది! ఆవిడ టేపు తీసి పిల్ల భుజాన ఆనించింది. చూపు మాత్రం కిటికీ అవతల ఎక్కడో ఉంది. భుజం, ఛాతీ, చేతి పొడవు, ఒక్కొక్కటే నెమ్మదిగా, జోలపాటంత మెత్తగా చెప్పుకుపోయింది. చేతి పొడవు చెప్పినప్పుడు ఆయన సుద్ద ఆగింది. తలెత్తి పిల్ల చేతులు చూశాడు, భార్య మొహం చూశాడు. నోరు మెదిపితే ఆ ఊ కాస్తా వెనక్కి పోతుందేమోనని, చెప్పిన చోటే గీత గీశాడు.

వారం తిరిగాక పిల్ల కోటు తొడుక్కుంది. కోటు చేతులు మణికట్టు దాకా రానేలేదు. పిల్ల భుజాలు ముడుచుకుని, వేళ్లు లోపలికి లాక్కుని నిలబడింది.

"అచ్చు సరిపోయింది పిన్నిగారూ!"

"చేతులు చాపు."

"బాగుందండీ, నిజంగా..."

"చాపమన్నానా!"

పొడుగు చేతులు బయటపడ్డాయి. వదులు చేద్దామని ఆవిడ అంచు తిప్పి చూసింది. లోపల మడతలో గుడ్డ లేదు. వయసు పిల్లలకు ఏది కుట్టినా, ఎదుగుతారని, ఒళ్లు చేస్తారని, లోపల గుడ్డ వదిలిపెట్టడం ఆవిడ చేతికి పట్టిన అలవాటు. ఈ కోటు ఒక్కదానికే వదల్లేదు. ఇక ఎదగని మనిషికి కుట్టింది.

"విప్పు," అంది. "ఇది నీది కాదు."

పిల్ల మొహంలో నెత్తుటి చుక్క లేదు. కోటు విప్పి, ముడత పడకుండా మడిచి బల్ల మీద పెట్టింది. "పర్లేదు పిన్నిగారూ. ఇంకెక్కడైనా... అడుగుతాను."

"ఏమోయ్, తప్పు నాది," అన్నాడు భర్త కంగారుగా. "నేనే గీత తప్పు గీశాను."

"మీరేం తప్పు గీయలేదు. నేను చెప్పిందే గీశారు."

ఆవిడ కోటును రెండు చేతులా ఎత్తి మొహానికి ఆనించుకుంది. కొత్త ఉన్ని వాసన. అది తప్ప ఇంకేమీ లేదు అందులో. ఎంత వెతికినా లేదు. చాలాసేపటికి మొహం ఎత్తి, కోటు కొక్కేనికి తగిలించి, టేపు అందుకుంది.

"ఎక్కడికే, ఆగు. ఇలా రా. ఈసారి టేపు చూసి చెబుతాను. టికెట్టు డబ్బు రేపొచ్చి తీసుకెళ్లు."

పిల్ల వెక్కుతూనే చేతులు చాచింది. ఆవిడ భుజం నుంచి మణికట్టు దాకా టేపు లాగి, అంకె చూసి, గట్టిగా చెప్పింది. ఆయన గీత గీశాడు.

"మరి ఆ కోటు ఎవరిది పిన్నిగారూ?" అంది పిల్ల, కళ్లు తుడుచుకుంటూ.

"అది మా..." అని ఆయన మొదలుపెట్టి, నాలుగేళ్లుగా ఆగుతున్న చోటే ఆగిపోయాడు. ఆవిడ వంక బెదురుగా చూశాడు.

ఆవిడ టేపు వదల్లేదు.

"మందాకినిది," అంది.