మైకాసురుడి మాటలు

ఎవరైనా చిత్తుగా ఓడిపోతుంటే మా అన్నయ్యకు ఎక్కడలేని హుషారు వస్తుంది. మామూలుగా మంచివాడే. ఎలక్ట్రికల్ షాపు, ఇల్లు తప్ప వేరే లోకం తెలియదు. కానీ సెలవు రోజున ఆడవాళ్ల ఫుట్‌బాల్ లీగ్ మొదలై చేతికి మైకు అందిందంటే ఇక ఆ మనిషి వేరు. ఒక్క గోల్ తేడాతో గెలిచిన ఆటను ఆవలిస్తూ చెబుతాడు. అదే అయిదో ఆరో పడ్డాయా, పూనకమే! మట్టి కరిపించారు, చుక్కలు చూపించారు, మూడు చెరువుల నీళ్లు తాగించారు, అరటిపండు ఒలిచినంత తేలిగ్గా గెలిచారు, ఉఫ్‌మని ఊదేశారు. ఒకసారి వాడిన మాట ఆ పూటకు మళ్లీ వాడడు, అదొక పంతం. సగం మంది ఆట కోసం కాదు, ఈయన నోటి కోసం వస్తారు. వెనకాల మైకాసురుడంటారు. మొహం మీద కూడా అంటారు, ఈయనేమో పొంగిపోతాడు.

పక్కన స్టూలు వేసుకుని స్కోరు బోర్డుకు అంకెల రేకులు తగిలించేది నేను. ఎండలో కూర్చోమంటే చెల్లెలు తప్ప ఇంకెవరు కూర్చుంటారు?

ఈసారి లీగ్‌లో లాండ్రీ జట్టు కొత్తగా చేరింది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి మడతలు పెట్టే అమ్మాయిలు. వాళ్ల గోల్‌కీపర్ మా అన్నయ్య కూతురే. పోయిన వారం వాళ్లకు పదకొండు గోల్స్ పడ్డాయి. ఆ రోజు ఈయన నోటికి అడ్డూ ఆపూ లేదు. ఒక్కో మాటకూ మైదానమంతా ఈలలు. సొంత కూతురు అక్కడ బురదలో చతికిలబడి ఉందన్న సంగతే ఈయనకు తట్టలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇవాళ ఆటకు బయల్దేరే ముందు ఆ పిల్ల వంటింట్లోకి వచ్చి చేతి తొడుగులు బల్ల మీద పడేసింది.

"ఇవాళ్టితో ఆఖరు నాన్నా. రేపు వీటిని ఎవరికైనా ఇచ్చేస్తా."

"అదేంటే! ఒక్క ఆట ఓడిపోతేనే?"

"ఓడిపోయినందుక్కాదు. ఓడిపోతే ఏడ్చి పడుకుంటా, తెల్లారితే మామూలే. వారం నుంచీ ఇస్త్రీ మెషిన్ దగ్గర నిలబడితే చాలు, ఎవరో ఒకరొచ్చి నీ మాటలు నాకే అప్పజెబుతున్నారు. రోజుకొకటి. నీ దగ్గర ఇన్ని ఉన్నాయని నాకిప్పుడే తెలిసింది."

అన్నయ్య మొహం పాలిపోయింది. "సరదాకి అంటానమ్మా."

"నాకు సరదాగా లేదు."

తొడుగులు తీసుకుని వెళ్లిపోయింది. మెట్ల కింద గోడకేసి బంతి కొట్టుకుంటూ పెరిగిన పిల్ల అది. ఆట మానేస్తే మనిషి సగమైపోతుంది. ఆ భయం మా ఇద్దరికీ పట్టుకుంది.

"ఇవాళ వాటిలో ఒక్క మాట కూడా అనను," అన్నాడు అన్నయ్య.

"మరేం అంటావు?" అన్నాను.

ఆట బస్సు డిపో జట్టుతో. డిపో ఆడవాళ్లంటే మాటలా? బ్రేకులు తొక్కీ తొక్కీ కాళ్లు ఇనప కడ్డీల్లా రాటుదేలినవాళ్లు. అలా మొదలైందో లేదో ఇలా గోల్ పడింది. అన్నయ్య "గోల్" అన్నాడు, పంటినొప్పి ఉన్నవాడిలా. రెండోదానికి "మళ్లీ గోల్" అన్నాడు. మూడోదానికి దగ్గి ఊరుకున్నాడు. "మైకు చెడిపోయిందా మైకాసురా?" అని జనంలోంచి కేకలు.

మైకును అరచేత్తో మూసి నావైపు తిరిగాడు. "ఏం చెప్పనే? గెలిచేవాళ్ల గురించి తప్ప నా దగ్గర మాటల్లేవు."

"కళ్లున్నాయిగా! అది అక్కడ ఏం చేస్తోందో చూసి అదే చెప్పు," అని కసిరాను.

చూశాడు. మొదట తడబడ్డాడు. "బంతి కుడివైపు నుంచి వస్తోంది. కీపర్ ముందుకొచ్చింది... పక్కకు దూకింది. వేళ్లతో తోసేసింది!" తర్వాత గోల్ పడితే అదీ చెప్పాడు. "వలలోంచి బంతి తనే తీసింది. తల పట్టుకున్న అమ్మాయి భుజం తట్టింది. మళ్లీ వెళ్లి నిలబడింది." ఈలలు ఆగిపోయాయి. జనం మెడలు సాచి అటువైపే చూడటం మొదలుపెట్టారు. "ఇన్నేళ్లుగా ఓడేవాళ్ల వైపు నేను ఒక్కసారీ చూళ్లేదే," అన్నాడు నాతో, మైకు మూయడం మరిచిపోయి. మైదానమంతా వింది.

ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా స్కోరు ఎనిమిది–సున్నా. డిపో కెప్టెన్ కొట్టిన బంతిని మా పిల్ల గుండెలతో ఆపింది. జారిన బంతిని ఇంకొకామె కొడితే, నేల మీద పడి ఉండగానే కాలు చాచి ఆపింది. జనమంతా లేచి నిలబడ్డారు. అన్నయ్య స్టూలెక్కి మరీ అరుస్తున్నాడు. ఇంతలో బంతి ఇంకెవరి కాలికో తగిలి, మెల్లగా దొర్లుకుంటూ గీత దాటింది. ఆ సంగతి ఆయన చెప్పలేదు. ఆయన చెబితే తప్ప నేను రేకు మార్చను, పైగా నేనూ చప్పట్లు కొట్టడంలో మునిగిపోయాను. బోర్డు మీద ఎనిమిదే ఉండిపోయింది.

రిఫరీ మావైపు చేతులు ఊపుతోంది. డిపో వాళ్లు గొంతు చించుకుంటున్నారు. "పోనీలే, ఎనిమిదే ఉంచేయండి!" అంటున్నారు జనం. అన్నయ్య నా మొహం చూశాడు. నిజం చెప్పొద్దూ, నాకూ మార్చబుద్ధి కాలేదు. అంత కష్టపడ్డ పిల్లకు ఒక్క అంకె తగ్గితే కొంపలేం మునిగిపోవు.

అప్పుడు గోల్ వదిలి పరుగెత్తుకొచ్చింది మా పిల్ల. ఒళ్లంతా బురద.

"తొమ్మిది! నాన్నా, తొమ్మిది!"

"రెండు ఆపావు కదమ్మా..."

"ఆపా. మూడోది వెళ్లింది. ఆపినవి చెప్పి, వెళ్లింది చెప్పకపోతే ఎలా? తొమ్మిది పెట్టించు. వచ్చే వారం ఎనిమిదే పడ్డాయనుకో, ఒకటి తగ్గిందని మైకులో నువ్వే చెప్పాలి."

వచ్చే వారం! ఆ మాట మా ఇద్దరి చెవినా ఒకేసారి పడింది. అది మాత్రం అప్పటికే వెనక్కి పరుగెత్తి, గోల్‌లో నిలబడి అరచేతులు చరుచుకుంటోంది. అన్నయ్య మైకు నోటి దాకా తెచ్చుకున్నాడు. మళ్లీ దించేశాడు. నలుగురూ చూస్తుండగానే కళ్లు తుడుచుకున్నాడు.

మైకు నేనే లాక్కున్నాను. "తొమ్మిది–సున్నా. ఆట ఇంకా అయిపోలేదు," అని చెప్పి రేకు మార్చాను.