మూడో బల్ల

ప్రేమలీల పాత రబ్బరు గ్లవుజుల బొటనవేళ్లను కత్తెరతో కోస్తోంది. రొయ్య తల ముల్లు గోటి కింద దిగకుండా ఒక తొడుగు ఉండాలి. ఎనిమిది కోసి, లోపల పౌడరు చల్లి, టిఫిను డబ్బా మూతలో సర్దింది. ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలిచే మూడో బల్ల దగ్గర తనతో కలిపి ఎనిమిది మంది. వెంకటశేషమ్మది కాస్త వదులుగా కోసింది. ఆమె వేళ్ల కణుపులు వాచి ఉంటాయి.

ఆరింటికి రొయ్యల ఫ్యాక్టరీ వ్యాను వచ్చింది. మైపాడు రోడ్డులో ఎవరి ఇంటి ముందు హారన్ కొట్టాలో డ్రైవరుకు ఆమే చెబుతుంది. షారన్ ఇంటి ముందు కొట్టనివ్వదు. చంటిబిడ్డ ఉలిక్కిపడతాడని తనే దిగి వెళ్లి పిలుస్తుంది. ఇది ఆమె పని కాదు. పద్దెనిమిదేళ్లుగా ఆమె ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలిచే మనిషే.

"అత్తా, కాఫీ తాగినావా?" తొడుగు అందిస్తూ అడిగింది.

"తాగినా. నాకు షుగరు లేదు, అయినా వస్తాదని నా కోడలు చక్కెరెయ్యదు" అంది వెంకటశేషమ్మ. వ్యానంతా నవ్వింది.

పోయిన వారం కొత్త మేనేజరు ప్రవీణ్ ప్రేమలీలను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. అన్నేళ్లలో ఆమె ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు. మీ బల్ల పనే ముందు ఎందుకు అయిపోతుందక్కా అని అడిగాడు. ఆమె సంబరంగా అంతా చెప్పింది. శేషమ్మత్తకు చెయ్యి వణుకుతుంది. అటు షారన్, ఇటు ఫ్లోరా నిలబడి తలా గుప్పెడు ఆమె ట్రేలో వేస్తారు. షారన్ కాన్పుకు నెల్లూరు ఆసుపత్రిలో తోడున్నది శేషమ్మత్తే. ఆమె మాటలకు నవ్వుకుంటూ అలుపు తెలియకుండా ఒలిచేస్తారు. ప్రవీణ్ శ్రద్ధగా ఫోనులో రాసుకున్నాడు. తలుపు దాకా వచ్చి సాగనంపాడు.

ఈ రోజు గేటు దగ్గర ప్రవీణ్ హాజరు పేర్లు చదివాడు.

"నా పేరు మరిచినారా సార్?" అంది వెంకటశేషమ్మ.

"ఇవాళ్టి నుంచి ఎవరి ట్రే వాళ్లే నింపాలమ్మా. నీ వల్ల కాదు కదా." ప్రవీణ్ ప్రేమలీల వైపు తిరిగాడు. ఆ ముఖంలో నిజమైన కృతజ్ఞతే ఉంది. "అక్క చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"నేను అందుకోసం చెప్పలా సార్. ఆ యమ్మ ఉంటేనే మా బల్ల నడిచేదని చెప్పినా."

"అర్థమైందక్కా" అని ఆయన తర్వాతి పేరు చదివాడు.

వెంకటశేషమ్మ తల టోపీ తీసి, నాలుగు మడతలు పెట్టి, గేటు బల్ల మీద ఉంచి రోడ్డెక్కింది.

లోపల ఐసు నీళ్లు కారుతున్న చప్పుడే. మధ్యాహ్నం ప్రేమలీల తెచ్చిన గోంగూర పచ్చడి మూత తీసింది తీసినట్టే ఉండిపోయింది. చేతులు కడుక్కుంటూ షారన్ తల ఎత్తకుండా అంది:

"రేపట్నించి మా ఇంటి కాడ హారనే కొట్టమను. నువ్వు దిగి రాబాక."

ఆ రోజు మూడో బల్ల అందరికంటే ఆఖరున లేచింది.

సాయంత్రం ప్రేమలీల బియ్యం కడుగుతుంటే వెంకటశేషమ్మ ఎప్పటిలాగే పిలవకుండా లోపలికి వచ్చింది.

"అత్తా, కూర్చో. కాఫీ పెడతా. చక్కెరేసి."

ఆమె కూర్చోలేదు. పిడికిలి విప్పి పొయ్యి గట్టు మీద ఏదో పెట్టింది. గడప దాటింది. చెప్పుల చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

గట్టు మీద బొటనవేలి తొడుగు వదులుగా నోరు తెరుచుకుని ఉంది. లోపలి పౌడరు కూడా చెదరలేదు.